పాత కంప్యూటరును పక్కన పడేసే ముందు.. లినక్స్‌ను పరీక్షించండి

* సొమ్ము చెల్లించనవసరం లేని ఆపరేటింగ్ సిస్టమ్
* హార్డ్‌డిస్క్‌ను తాకకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసే వీలు
* ప్రింటరు, తెలుగు టైపింగ్, ట్యాలీ.. ముందే సరిచూసుకోవాలి

నంద్యాల, ఆళ్లగడ్డ: ఎనిమిది, పదేళ్ల కిందట కొన్న కంప్యూటరు నేటికీ నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. బిల్లు కొడుతుంది, పిల్లల ప్రాజెక్టు అచ్చు తీస్తుంది. అయితే అందులోని విండోస్ 10కు కాలం చెల్లింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో ఆ వ్యవస్థకు సాధారణ మద్దతును నిలిపివేసింది. గృహ వినియోగదారులు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందేలా ఒక పథకాన్ని ప్రకటించింది. అది గడువు పొడిగింపే తప్ప శాశ్వత పరిష్కారం కాదు.

విండోస్ 11కు మారదామంటే పాత యంత్రాలు అందుకు అర్హత పొందవు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్ ఉండాలి. 2018కి ముందు కొన్న కంప్యూటర్లలో చాలావరకు ఈ పరీక్షలో నిలవవు. కంప్యూటరు చెడిపోలేదు, వాడుకుందామంటే భద్రత లేదు. కొత్తది కొనాలంటే చిన్న దుకాణదారుడికి, డిగ్రీ చదివే పిల్లలున్న ఇంటికి అది పెద్ద ఖర్చే.

ఇలాంటి వారికి ఉన్న మరో మార్గం లినక్స్. అందరికీ అది నప్పుతుందని చెప్పలేం, ఎవరికీ పనికిరాదనుకోవడమూ సరికాదు. మన పనికి నప్పుతుందో లేదో ఒక్క పూటలో, పైసా ఖర్చు లేకుండా, ఉన్న విండోస్‌ను కదల్చకుండా తేల్చుకోవచ్చు. ఆ విధానాన్ని తెలిపేందుకే ఈ కథనం.

ఏమిటీ లినక్స్?

కంప్యూటరులోని యంత్ర భాగాలకు, మనం వాడే సాఫ్ట్‌వేర్‌కు మధ్య వారధిగా నిలిచేది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్ అలాంటిదే. లినక్స్ కూడా అలాంటిదే. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ దీని మూలభాగమైన కెర్నల్‌ను రాసి అందరికీ అందుబాటులో ఉంచారు. అంతకు ముందే, 1983లో అమెరికాకు చెందిన రిచర్డ్ స్టాల్‌మన్ 'గ్ను' పేరిట స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని ఆరంభించారు. ఈ రెండు కృషుల కలయికే నేటి లినక్స్ వ్యవస్థ.

పేరు కొత్తగా అనిపించినా వాడకం కొత్త కాదు. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లినక్స్ కెర్నల్‌పైనే నడుస్తోంది. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్‌వే.

ఆంగ్లంలో ఉచితానికీ, స్వేచ్ఛకూ ఒకటే మాట ఉండటంతో అక్కడ కొంత గందరగోళం ఉంది. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. లినక్స్ ఉచితమూ, స్వేచ్ఛాయుతమూ కూడా. దాని మూల సంకేతాలను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, మరొకరికి పంచవచ్చు. ఒకే పెన్‌డ్రైవ్‌తో ఇంట్లోని రెండు కంప్యూటర్లకు, పక్కింటి వారి కంప్యూటరుకు ఇన్‌స్టాల్ చేసినా తప్పు కాదు. లైసెన్సు లేని విండోస్ ప్రతుల విషయం వేరు. దొంగ ప్రతి అని తెలిసి వాడటాన్ని కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63బి నేరంగా పరిగణిస్తోంది. అటువంటి ప్రతులతో పాటు వైరస్‌లూ కంప్యూటరులోకి చేరే ప్రమాదం ఉంది.

మనకు కొత్త కాదు

తెలుగులో కంప్యూటరు పనిచేయాలన్న ఆశయంతో 2005లో హైదరాబాద్ కేంద్రంగా 'స్వేచ్ఛ' సంస్థ ఆరంభమైంది. మెనూలు, సందేశాలు తెలుగులో కనిపించే లినక్స్‌ను ఆ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలు రూపొందించారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007లో 'బాస్' పేరిట లినక్స్‌ను విడుదల చేసింది. అందులోనూ తెలుగు సహా భారతీయ భాషలకు చోటు కల్పించారు. ఉబుంటు లినక్స్‌ను తయారుచేసే కెనానికల్ సంస్థ 2005 నుంచి 2011 వరకు కోరిన వారి చిరునామాకు ఉచితంగా సీడీలను తపాలాలో పంపేది. ఆనాటి ఇంజినీరింగ్ విద్యార్థుల్లో పలువురికి లినక్స్ పరిచయమైంది ఆ సీడీలతోనే.

పొరుగున ఉన్న కేరళ ఈ విషయంలో ముందుంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2001లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ పథకం దశలవారీగా పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారింది. 2017లో ఆ పథకం 'కైట్' సంస్థగా రూపాంతరం చెందింది. పదో తరగతి విద్యార్థులు ఐటీ ప్రాక్టికల్ పరీక్షను లినక్స్‌పైనే రాస్తున్నారు. పల్లెల్లోని పిల్లలు, ఉపాధ్యాయులు దీన్ని నేర్చుకోగలరనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఏ రకం ఎంచుకోవాలి?

లినక్స్ ఒకటే అయినా వందల రకాల్లో లభిస్తుంది. వీటిని డిస్ట్రోలు అంటారు. బియ్యం ఒకటే అయినా సోనామసూరి వేరు, దొడ్డు బియ్యం వేరు అన్నట్లే ఇదీ. కొత్తవారు ఈ జాబితా చూసి కంగారు పడనవసరం లేదు. విండోస్‌కు అలవాటు పడిన వారికి లినక్స్ మింట్ సులువుగా ఉంటుంది. అడుగున పట్టీ, ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం.. అన్నీ చూసిన చోటే కనిపిస్తాయి. మింట్ 22 వరుసకు 2029 వరకు భద్రతా సవరణలు అందుతాయి.

మింట్‌లో మూడు రూపాలున్నాయి. 4 జీబీ ర్యామ్, అంతకు మించి ఉంటే సినమన్, మరీ పాత యంత్రమైతే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎంచుకోవాలి. మింట్ కనీస అవసరం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్క్ స్థలం. అయితే 2 జీబీతో ఒకేసారి నాలుగైదు వెబ్ పేజీలు తెరిస్తే నత్తనడకే. వీలైతే ర్యామ్ పెంచుకోవడం, పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించుకోవడం మేలు. కొత్త కంప్యూటరు కొనే ఖర్చుతో పోలిస్తే ఇది స్వల్పం.

పెన్‌డ్రైవ్ తయారీ ఇలా..

కావలసినవి రెండే: 8 జీబీ పెన్‌డ్రైవ్, ఇంటర్నెట్. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి అందులోని ఫొటోలు, దస్త్రాలను ముందే వేరే చోట భద్రపరచుకోవాలి.

మింట్ దస్త్రం దాదాపు 3 జీబీ ఉంటుంది. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ పరిమితి ఉన్న మొబైల్ ప్యాక్‌తో ఒక్క రోజులో పూర్తికాదు. టోరెంట్ విధానంలో దించుకుంటే ఈ రోజు ఆగిన చోటు నుంచే రేపు కొనసాగుతుంది. పల్లెల్లో ఉన్నవారు బ్రాడ్‌బ్యాండ్ ఉన్న మిత్రుల ఇంట్లోనో, కళాశాల ల్యాబ్‌లోనో అనుమతి తీసుకుని దించుకుంటే సరిపోతుంది. ఒకరు దించుకుంటే పదిమందికి పంచుకోవచ్చు.

దస్త్రాన్ని లినక్స్ మింట్ అధికారిక వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. అది సక్రమంగా వచ్చిందో లేదో తెలుసుకునేందుకు సైట్‌లో షా256 అనే అంకెలు, అక్షరాల వరుస ఇస్తారు. విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ ఆదేశంతో మన దస్త్రం వరుసను రాబట్టి రెండింటినీ పోల్చాలి. ఇది చాదస్తం కాదు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌లోకే హ్యాకర్లు చొరబడి కలుషిత దస్త్రానికి దారి మళ్లించారు. వరుసను సరిపోల్చిన వారికి తేడా ఇట్టే తెలిసిపోతుంది.

తరువాత రూఫస్ లేదా ఎచర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ దస్త్రాన్ని పెన్‌డ్రైవ్‌కు ఎక్కించాలి. మామూలుగా కాపీ చేసి అతికిస్తే కంప్యూటరు దాని నుంచి ఆరంభం కాదు. తొలిసారి ప్రయత్నించే వారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

నడిపి చూడండి

పెన్‌డ్రైవ్‌ను గుచ్చి కంప్యూటరును పునఃప్రారంభించాలి. తెర వెలుగుతుండగానే నిర్ణీత మీటను పదేపదే నొక్కితే, ఎక్కడి నుంచి ఆరంభం కావాలో అడిగే జాబితా వస్తుంది. సాధారణంగా డెల్, లెనోవో కంప్యూటర్లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్ మీట పనిచేస్తాయి. ఏసర్‌లో ఎఫ్12 పనిచేయకుంటే ఎఫ్2తో బయాస్‌లోకి వెళ్లి ఆ సదుపాయాన్ని ముందుగా అనుమతించాలి.

జాబితాలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే కొద్దిసేపట్లో మింట్ తెర ప్రత్యక్షమవుతుంది. దీన్ని లైవ్ విధానం అంటారు. హార్డ్‌డిస్క్‌పై ఏదీ రాయకుండా ర్యామ్‌లోనే వ్యవస్థ నడుస్తుంది. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే విండోస్ యథాతథంగా వస్తుంది. తెరపై కనిపించే ఇన్‌స్టాల్ గుర్తు జోలికి వెళ్లనంత వరకు దిగులు అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచి నడవడం వల్ల కొంత నెమ్మదిగా ఉంటుంది. ఆ వేగాన్ని బట్టి తీర్పు చెప్పరాదు.

పరీక్షించాల్సిన అయిదు అంశాలు

1. వైఫై, ధ్వని, కెమెరా: వైఫై పేర్లు కనిపిస్తున్నాయా, పాట వినిపిస్తోందా, కెమెరా పనిచేస్తోందా అన్నవి మొదట చూడాలి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలోని బ్రాడ్‌కామ్ వైఫైకి డ్రైవర్‌ను విడిగా వేయాలి. అప్పటివరకు ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ అందుతుంది.

2. ప్రింటరు, స్కానరు: హెచ్‌పీ ప్రింటర్లలో అత్యధికం సులువుగా పనిచేస్తాయి. చిన్న కార్యాలయాల్లో బాగా వాడుకలో ఉన్న కేనన్ ఎల్‌బీపీ 2900 మాత్రం లినక్స్‌లో మొరాయించే రకం. దానికి ప్రత్యేక డ్రైవర్‌తో కుస్తీ పట్టాల్సి ఉంటుంది. రోజంతా ముద్రణపైనే ఆధారపడే జిరాక్సు దుకాణాలవారు ఈ పరీక్షలో నెగ్గకుండా ముందుకు వెళ్లకూడదు.

3. తెలుగు: ఇంటర్నెట్‌లోని తెలుగు చక్కగా కనిపిస్తుంది. టైపింగ్‌కు కీబోర్డు అమరికల్లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ సిద్ధంగా ఉంటుంది. ఐబస్, ఎం17ఎన్ అనే ప్యాకేజీలను చేర్చుకుంటే ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాసే పద్ధతితో పాటు, డీటీపీ వారికి అలవాటైన యాపిల్ కీబోర్డు అమరిక కూడా లభిస్తుంది. ఎన్‌టీఆర్, మండలి, రామభద్ర, సూరన్న వంటి తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతాయి.

అసలు చిక్కు పాత పనులతో వస్తుంది. అను ఖతుల్లో, పేజ్‌మేకర్‌లో చేసిన పెళ్లిపత్రికలు, కరపత్రాలు యూనికోడ్‌లో ఉండవు. పేజ్‌మేకర్ లినక్స్‌లో నేరుగా నడవదు. అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నా ఒత్తులు తారుమారు కావచ్చు కనుక ప్రూఫు తప్పనిసరి. పేజీల అమరికకు స్క్రైబస్, బొమ్మలకు ఇంక్‌స్కేప్, ఫొటోలకు గింప్ ఉన్నాయి. అవి నేర్చుకునేందుకు సమయం పడుతుంది.

4. వర్డ్, ఎక్సెల్ దస్త్రాలు: మింట్‌తో పాటే లిబ్రే ఆఫీస్ వస్తుంది. వర్డ్, ఎక్సెల్ దస్త్రాలను తెరుస్తుంది, అదే రూపంలో భద్రపరుస్తుంది. పట్టికలు, పెట్టెలు ఎక్కువగా ఉన్న పేజీల్లో వరుసలు కొద్దిగా జరగవచ్చు. విండోస్‌లోని గౌతమి ఖతితో చేసిన పేజీలు వేరే ఖతిలో కనిపిస్తాయి. ఎక్సెల్ మాక్రోలు అన్నీ పనిచేయవు. లైవ్ విధానంలోనే మన సొంత దస్త్రాలు పది తెరిచి చూసుకోవాలి.

5. ప్రత్యేక సాఫ్ట్‌వేర్, పరికరాలు: ట్యాలీ లినక్స్ కోసం తయారైనది కాదు. వైన్ అనే సాధనంతో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్‌లు నడుస్తాయి గానీ లెక్కల పుస్తకాన్ని దాని భరోసాకు వదలడం మంచిది కాదు. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం కీలు వాడేవారు తమ మోడల్‌కు లినక్స్ డ్రైవర్ ఉందో లేదో తయారీదారును విచారించాలి. బ్యాంకు ఖాతాలు, మీభూమి, ఉద్యోగ దరఖాస్తుల వంటి పనులు ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలో సాగేవి కాబట్టి వాటికి సాధారణంగా తేడా ఉండదు.

ఎవరికి మేలు? ఎవరు ఆగాలి?

నెట్ చూడటం, ఆన్‌లైన్ పాఠాలు వినడం, వ్యాసాలు రాయడం, దరఖాస్తులు నింపడం.. ఇంతవరకే అవసరమున్న ఇళ్లకు లినక్స్ సరిపోతుంది. బీటెక్, బీసీఏ, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకైతే రెట్టింపు ప్రయోజనం. సీ, జావా, పైథాన్ వంటి భాషలకు కావలసిన సాధనాలన్నీ ఉచితంగా లభిస్తాయి. తరగతిలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం విన్న విద్యార్థి ఇంటికెళ్లి దాన్ని చేతులతో చేసి చూడవచ్చు. ప్రపంచంలోని సర్వర్లలో అధిక భాగం లినక్స్‌పైనే నడుస్తున్నందున ఉద్యోగ ప్రయత్నాల్లోనూ ఈ పరిచయం అక్కరకు వస్తుంది.

ట్యాలీతో లెక్కలు రాసే వ్యాపారులు, అను-పేజ్‌మేకర్‌పై బతికే డీటీపీ కేంద్రాలు, వేలిముద్రలతో సేవలు అందించే కేంద్రాలు తొందరపడకూడదు. వారికి రెండు మార్గాలున్నాయి. ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకుని నెట్ పనులకు లినక్స్‌ను వాడటం మొదటిది. పాత విండోస్‌ను నెట్‌కు కలపకుండా ముద్రణకు, లెక్కలకే పరిమితం చేయడం రెండోది. ఆటల కోసం కంప్యూటరు వాడే పిల్లలకూ కొన్ని ఆటలు నడవకపోవచ్చని ముందే చెప్పడం మంచిది.

ఇన్‌స్టాల్ చేసే ముందు జాగ్రత్తలు

పరీక్షలో నెగ్గితేనే ఇన్‌స్టాల్ మాట. అంతకు ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల దస్త్రాలను మరో డిస్క్‌లోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. రెండు వ్యవస్థలు కలిపి ఉంచుకునే వారు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. బిట్‌లాకర్ రక్షణ ఉంటే దాని రికవరీ కీని కాగితంపై రాసి పెట్టుకోవాలి.

ఇన్‌స్టాల్ సమయంలో అన్నిటికంటే కీలకమైన తెర ఒకటి వస్తుంది. విండోస్ పక్కనే ఉంచాలా, డిస్క్ మొత్తం చెరిపివేయాలా అని అడుగుతుంది. చెరిపివేయడాన్ని ఎంచుకుంటే పాతదేదీ మిగలదు. అక్కడ ఒకటికి రెండుసార్లు చదివి ముందుకు వెళ్లాలి. డిస్క్ విభజన జరుగుతుండగా కరెంటు పోతే దస్త్రాలకే ముప్పు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ నిండి ఛార్జరు తగిలించి ఉన్నప్పుడే చేపట్టాలి.

దుకాణంలో చేయించుకునే వారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. దుకాణదారు తన శ్రమకు రుసుము తీసుకోవడంలో తప్పు లేదు. లినక్స్ మింట్‌కు లైసెన్సు ధర అంటూ ఏదీ ఉండదు. ఆ పేరిట సొమ్ము అడిగితే దేనికని ప్రశ్నించాలి.

తొలి వారం ఓపిక పట్టాలి

విండోస్‌లో మాదిరి ఎక్కడి నుంచో ఎగ్జిక్యూటబుల్ దస్త్రాన్ని దించుకుని నొక్కితే ఇక్కడ పనిచేయదు. కావలసినవన్నీ సాఫ్ట్‌వేర్ మేనేజర్ అనే గుర్తులో దొరుకుతాయి. ఫోనులోని ప్లే స్టోర్ వంటిదే ఇది. ఏదైనా చేర్చేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. మన అనుమతి లేకుండా వ్యవస్థలో మార్పు జరగరాదన్నదే దాని ఉద్దేశం. ఆ పాస్‌వర్డ్‌ను మరచిపోకూడదు. అప్‌డేట్ మేనేజర్ సూచించే సవరణలను వారానికోసారైనా వేసుకోవాలి. టైమ్‌షిఫ్ట్ అనే సదుపాయాన్ని మొదటి రోజే ఆన్ చేసుకుంటే, ఏదైనా తేడా జరిగినప్పుడు వ్యవస్థను నిన్నటి స్థితికి తీసుకురావచ్చు.

విండోస్ కోసం రాసిన వైరస్‌లు సాధారణంగా లినక్స్‌ను అంటవు. అంతమాత్రాన మోసాల నుంచి రక్షణ లభించినట్లు కాదు. ఓటీపీ అడిగే ఫోను, లాటరీ తగిలిందనే సందేశం ఏ కంప్యూటరు వాడేవారికైనా ఒకేలా వస్తాయి. ఆ జాగ్రత్త మనిషిదే.

ఆళ్లగడ్డ నుంచి కంప్యూటరును మోసుకుని నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు వచ్చి, ఇది పనికిరాదు కొత్తది కొనండన్న మాట విని వెనుదిరిగే ముందు, ఒక పెన్‌డ్రైవ్, ఒక సాయంత్రం వెచ్చించి చూడటం లాభమే. పై అయిదు పరీక్షల్లో నెగ్గితే ఆ కంప్యూటరు మరికొన్నేళ్లు ఇంటికి ఉపయోగపడుతుంది. నెగ్గకుంటే పోయేది ఏమీ లేదు. పెన్‌డ్రైవ్ తీసివేస్తే పాత వ్యవస్థ ఉన్నచోటే ఉంటుంది.